పడవలో ఏం తెచ్చారు?

విదేశంలో అంతర్జాతీయ సదస్సు. రమ్మంటూ ఆహ్వానం. పరిశోధన చేసే పిల్లలున్న ఇంట్లో అదో పండగ. ఆ మర్నాడే అదో పెద్ద లెక్క. లక్షలు పోసి అంతదూరం వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా? ఉంటే ఎవరికి, ఎప్పుడు?

అన్నవరం, రత్నగిరి. వ్రత మండపంలో వరసగా పీటల మీద కూర్చున్న జంటలు. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఇల్లు కట్టుకున్నవాళ్లు, అబ్బాయికి వీసా వస్తే కొండకొస్తామని మొక్కుకున్నవాళ్లు. పురోహితుడు నాలుగో అధ్యాయం మొదలుపెట్టగానే, అప్పటిదాకా అటూ ఇటూ చూస్తున్న పిల్లలు కూడా చెవులు రిక్కిస్తారు. దూరదేశంలో వ్యాపారం చేసి పడవ నిండా ధనంతో తిరిగొస్తున్న వర్తకుడి కథ అది. రేవులో సన్యాసి రూపంలో ఉన్న స్వామి పడవలో ఏముందని అడుగుతాడు. దానం అడుగుతాడేమోనన్న భయంతో వర్తకుడు ఆకులూ అలములే ఉన్నాయని బొంకుతాడు. తీరా చూసుకుంటే... నిజంగానే ఆకులూ అలములే!

తరతరాలుగా వింటున్న ఆ ప్రశ్న, విదేశీ సదస్సులకు వెళ్లొచ్చే పరిశోధకులకూ అచ్చంగా సరిపోతుంది. ఇంతదూరం వెళ్లారు, ఇంత ఖర్చుపెట్టారు... తిరిగొచ్చేటప్పుడు పడవలో ఏం తెచ్చారు? కొందరు జీవితాంతం పనికొచ్చే సంపద తెచ్చుకుంటారు. కొందరికి మిగిలేది ఓ సర్టిఫికెట్, మెడలో వేసుకున్న ట్యాగు, నాలుగు ఫొటోలు. అంటే ఆకులూ అలములే. ఇద్దరూ ఎక్కింది ఒకే విమానం కావచ్చు. మరి తేడా ఎక్కడొస్తోంది?

ఎంతవుద్దమ్మా?

అన్నవరం నుంచి రోజూ కాకినాడ జేఎన్‌టీయూకు వెళ్లి పీహెచ్‌డీ చేస్తున్న ఓ అమ్మాయి ఉందనుకుందాం. ఓ రోజు ఆమెకు మెయిల్ వస్తుంది. ఐరోపాలో జరిగే సదస్సులో మీ పరిశోధన పత్రాన్ని సమర్పించండి అని. ఇంట్లో వాళ్లకు సంతోషం. వీధిలో నలుగురికీ చెప్పుకుంటారు. రాత్రి భోజనాల దగ్గర నాన్న నెమ్మదిగా అడుగుతాడు... 'ఎంతవుద్దమ్మా?'

అమ్మాయి లెక్క చెబుతుంది. సదస్సులో పేరు నమోదు చేసుకోవడానికి రుసుము. అది డాలర్లలోనో యూరోల్లోనో ఉంటుంది. రానూపోనూ విమానం టిక్కెట్టు. వీసా రుసుము. అమెరికా అయితే 2023 జూన్‌లో పెంచిన తర్వాత ఒక్క సందర్శక వీసా దరఖాస్తుకే 185 డాలర్లు. వేలిముద్రలకీ ఇంటర్వ్యూకీ హైదరాబాద్‌కో చెన్నైకో ప్రయాణం. అక్కడ నాలుగు రాత్రులు బస, తిండి, బీమా. అన్నీ కలిపితే మొత్తం లక్షల్లోకి వెళ్తుంది. నెలనెలా వచ్చే ఫెలోషిప్‌తో అది తేలే లెక్క కాదు.

అమ్మ మెడలోని గొలుసు వైపు చూస్తుంది. అన్నయ్య, 'అవన్నీ ఇప్పుడు ఆన్‌లైన్లోనే చూడొచ్చు కదా' అంటాడు. గైడు మాత్రం, 'వెళ్తే మంచిదే' అని ఊరుకుంటాడు. ఇలాంటి ఇల్లు ఒక్క అన్నవరంలోనే కాదు, ప్రతి విశ్వవిద్యాలయం చుట్టూ ఉంటుంది. అందుకే ఈ ప్రశ్నకు 'వెళ్లాలి', 'వద్దు' అని ఒక్క ముక్కలో జవాబు చెప్పేయకూడదు.

ఆ ఊళ్లోనే దాత దొరికాడు

నిజానికి గోదావరి జిల్లాలకు ఈ లెక్క కొత్తదేం కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యం చదివాక అమెరికా వెళ్లాలనుకున్నప్పుడు ఆయన దగ్గర డబ్బు లేదు. మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. బర్మాలో వ్యాపారం చేసి గడించిన ఓ దాత సొమ్ముతో ఏర్పడిన సంస్థ అది. అలా 1920ల తొలినాళ్లలో ఆయన బోస్టన్ చేరారు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. కండరాల్లో శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పారు. ఆ తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనల నుంచి ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులొచ్చాయి.

సుబ్బారావు వెళ్లింది నాలుగు రోజుల సదస్సుకు కాదు, జీవితకాలం పాటు. కానీ ఆయన కథ రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, మనదగ్గర లేని ప్రయోగశాలా, లేని మనుషులూ మరోచోట ఉన్నప్పుడు అక్కడికి చేరడానికి పెట్టే ఖర్చు వృథా కాదు. రెండు, ఆ ఖర్చు పూర్తిగా ఇంటివాళ్ల నెత్తిన పడనక్కర్లేదు. నాడు ఓ ధర్మసంస్థ భరించింది. నేడు భరించాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

కాఫీ దగ్గర కలిసిన నోబెల్

'సదస్సులో ఏముంటుంది? ఒకరు చెబుతారు, వందమంది వింటారు. ఆ పత్రమేదో ఇంట్లో కూర్చుని చదువుకుంటే సరిపోదా?' అని చాలామంది అనుకుంటారు. నిజమే, వేదికమీద జరిగేది అంతే. అసలు సదస్సు వేదిక దిగాక మొదలవుతుంది.

2011లో కరీబియన్ దీవి ప్యూర్టోరికోలోని శాన్‌వాన్ నగరంలో సూక్ష్మజీవ శాస్త్రవేత్తల సదస్సు జరిగింది. స్వీడన్‌లో పనిచేస్తున్న ఇమాన్యుయెల్ షార్పెంటియర్ అక్కడికొచ్చారు. కాలిఫోర్నియా నుంచి జెన్నిఫర్ డౌడ్నా కూడా వచ్చారు. అప్పటిదాకా ఇద్దరికీ ముఖపరిచయం లేదు. ఓ కెఫేలో ఎవరో పరిచయం చేశారు. మర్నాడు ఇద్దరూ పాతపట్నం రాళ్లవీధుల్లో నడుచుకుంటూ తమ పనుల గురించి మాట్లాడుకున్నారు. ఒకరి దగ్గర బ్యాక్టీరియా గురించిన ప్రశ్న ఉంది. మరొకరి దగ్గర దాన్ని తేల్చగల నైపుణ్యం ఉంది. ఆ నడక ముగిసేసరికి కలిసి పనిచేద్దామనుకున్నారు. 2012లో పత్రం వెలువడింది. జన్యువులను కోరినచోట కత్తిరించే 'క్రిస్పర్' కత్తెర అదే. 2020లో ఇద్దరికీ కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

సదస్సుకెళ్లిన అందరికీ నోబెల్ రాదు. కానీ ఆ నడకలో జరిగింది చిన్న స్థాయిలో చాలామందికి జరుగుతుంది. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఓ ప్రయోగం చేశారు. పరిశోధకుల్ని లాటరీ వేసినట్టు గదులుగా విడదీసి, ఒక్కో గదిలో గంటన్నర చొప్పున పక్కపక్కన ఉంచారు. తర్వాత ఎవరెవరు కలిసి పరిశోధన నిధులకు దరఖాస్తు చేశారో చూశారు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు అలా జట్టుకట్టే అవకాశం, వేర్వేరు గదుల్లో ఉన్నవారికన్నా 75 శాతం ఎక్కువని తేలింది. దగ్గరదగ్గరే పనిచేస్తున్నవాళ్లకే ఆ గంటన్నర అంత పనిచేస్తే, సముద్రాల అవతల ఉన్నవాళ్ల సంగతి చెప్పేదేముంది!

తుపాను చేసిన పరీక్ష

సదస్సుల ఉపయోగాన్ని కొలవడం కష్టం. ఎందుకంటే మంచి పత్రాలు రాసేవాళ్లే ఎక్కువగా సదస్సులకు వెళ్తారు. వాళ్ల పేరు పెరిగితే అది సదస్సు గొప్పా, పత్రం గొప్పా? ఈ చిక్కుముడిని ఓ తుపాను విప్పింది.

అమెరికా రాజనీతి శాస్త్రవేత్తల వార్షిక సమావేశం 2012లో న్యూ ఆర్లీన్స్ నగరంలో జరగాలి. పత్రాలు ఎంపికయ్యాయి, కార్యక్రమం అచ్చయింది. సరిగ్గా అప్పుడే ఐజాక్ తుపాను విరుచుకుపడింది. సమావేశం మొత్తం రద్దయింది. వాయుగుండం పేరెత్తగానే పడవలు ఒడ్డుకు లాగే మన తీరంలోని వాళ్లకు ఆ పరిస్థితి ఇట్టే అర్థమవుతుంది. తర్వాత ఇద్దరు పరిశోధకులు ఆ తుపానునే తూకంగా వాడుకున్నారు. ఆ ఏడాది సమర్పించలేకపోయిన పత్రాల్ని, మిగతా ఏడాదుల్లో సమర్పించినవాటితోనూ, మరో సదస్సులోని పత్రాలతోనూ పోల్చారు. మొత్తం 29,142 పత్రాలు.

ఏం తేలింది? సదస్సులో సమర్పించిన పత్రాన్ని నాలుగేళ్లలోపు మరెవరైనా తమ రచనలో ప్రస్తావించే అవకాశం 5 శాతం పాయింట్లు పెరిగింది. అంటే లాభం ఉంది. కానీ అది ఆకాశమంత కాదు. పదిమందికి మన పని ఉందని తెలుస్తుంది, అంతే. పత్రంలో సరుకు లేకపోతే ఏ వేదికా దాన్ని నిలబెట్టదు.

మార్టేరు వరి చెప్పే పాఠం

ప్రతిసారీ మనిషే విమానం ఎక్కాలా? అక్కర్లేదని చెప్పే కథ గోదావరి చేలల్లోనే ఉంది. పశ్చిమగోదావరిలోని మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029 రకాన్ని రైతులు స్వర్ణ అంటారు. రాష్ట్రాలు దాటి లక్షల ఎకరాల్లో పండిన రకం అది. ఒక్కటే లోపం... వరదొచ్చి రోజుల తరబడి మునిగితే కుళ్లిపోతుంది.

ఒడిశాలో ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాతకాలపు వరి ఉంది. నీళ్లలో రెండు వారాలు మునిగినా బతుకుతుంది. దాన్లోని ముంపును తట్టుకునే జన్యువును అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి గుర్తించి 2006లో ప్రకటించారు. ఆ గుణాన్ని స్వర్ణలోకి తీసుకొచ్చి స్వర్ణ-సబ్1 తయారుచేశారు. 2009లో అది మనదేశంలో విడుదలైంది. ఒడిశా గుణం, మార్టేరు గింజ, ఫిలిప్పీన్స్ మడి, అమెరికా ప్రయోగశాల... ఇన్ని చోట్ల పని ఒక్క గింజలో కలిసింది. విమానం టిక్కెట్టు ముఖ్యం కాదు. తన దగ్గర ఏముందో, ఎదుటివారి దగ్గర ఏముందో ఒకరికొకరికి తెలియడం ముఖ్యం. సదస్సు అందుకు ఓ దారి మాత్రమే.

మూడు గంటల్లో 'ఎంపిక'

ఇక ఆకులూ అలముల సంగతి. 'మీ అమూల్యమైన పరిశోధన మా దృష్టికి వచ్చింది. ప్రముఖ వక్తగా రావాలని కోరుతున్నాం...' ఇలాంటి మెయిళ్లు పరిశోధకుల పెట్టెల్లో రోజూ పడుతుంటాయి. పైన ఎవరో తెలియని పేరు, కింద డబ్బు కట్టాల్సిన లింకు.

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న క్రిస్టఫ్ బార్ట్‌నెక్‌కు 2016లో అలాంటి ఆహ్వానమే వచ్చింది. అణుభౌతిక శాస్త్రంపై అమెరికాలోని అట్లాంటాలో సదస్సు. ఆయనకు ఆ శాస్త్రంతో సంబంధం లేదు. సరదాకి ఫోన్‌లో 'అణు' అని టైపు చేసి, ఆ తర్వాత ఏ పదం రావాలో ఫోనే సూచిస్తే దాన్నే నొక్కుకుంటూ పోయారు. తలాతోకా లేని ఓ సారాంశం తయారైంది. రచయిత పేరు కూడా కల్పితమే. పంపిన మూడు గంటల్లోపే ఎంపికైంది! రుసుము మాత్రం వెయ్యి డాలర్ల పైనే.

అంతకు ముందు 2005లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు ఇలాంటి పనే చేశారు. అర్థంలేని పత్రాలు దానంతటదే రాసే ప్రోగ్రామును తయారుచేసి, అది రాసిన పత్రాన్ని ఓ అంతర్జాతీయ సదస్సుకు పంపారు. అదీ ఎంపికైంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ వ్యాపారం వేళ్లు మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఓమిక్స్ అనే సంస్థ, దాని అనుబంధ సంస్థలు వందలాది జర్నళ్లు, సదస్సులు నడిపాయి. నిపుణుల పరిశీలన సరిగా లేకుండానే పత్రాలు వేస్తున్నారని, వస్తామని చెప్పని ప్రముఖుల పేర్లతో సదస్సులకు ప్రచారం చేస్తున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కోర్టుకెక్కింది. సంస్థ ఆ ఆరోపణల్ని ఖండించింది. కోర్టు మాత్రం 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. దానికి ముందు, 2018లో ఇలాంటి డొల్ల జర్నళ్లు, సదస్సుల మీద పలుదేశాల పత్రికలు కలిసి పరిశోధన చేశాయి. మనదేశం నుంచి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పాలుపంచుకుంది.

మార్కుల కోసం మండపం

ఇలాంటి సదస్సులకు గిరాకీ ఎందుకు? మోసపోయి వెళ్లేవాళ్లు కొందరైతే, తెలిసి వెళ్లేవాళ్లు కొందరు. దానికో కారణం ఉంది. అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల కోసం యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో సదస్సు ప్రసంగానికి మార్కులున్నాయి. విదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 7, మనదేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకు 5, జాతీయ సదస్సుకు 3, రాష్ట్రస్థాయిలోనో విశ్వవిద్యాలయంలోనో అయితే 2. అక్కడ ఏం చెప్పారు, ఎవరు విన్నారు, దాంతో ఏం జరిగింది అన్నదానికన్నా ఎక్కడ జరిగిందన్నదే లెక్కకొస్తే, 'అంతర్జాతీయ' అన్న మాట వెల పెరగక ఏమవుతుంది? ఎక్కడో ఇద్దరు విదేశీయుల్ని వేదికెక్కించి బ్యానరు కట్టేస్తే సరి!

పరిశోధక విద్యార్థులదీ అదే కథ. 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గ్రంథం సమర్పించేలోపు ఓ పత్రం ప్రచురించాలి, రెండు సదస్సుల్లో సమర్పించాలి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో యూజీసీ ఆ షరతును తీసేసింది. సొంతంగా నియమాలు పెట్టుకున్న విశ్వవిద్యాలయాలు వేరు. షరతు లేకపోయినా అలవాటు అంత తొందరగా పోదు.

అన్నవరం మీదుగా జాతీయ రహదారిలో వెళ్లేవాళ్లలో కొందరు కారు ఆపి, కొండ దిగువనే ప్రసాదం కొనుక్కుని వెళ్లిపోతారు. గోధుమనూక ప్రసాదం, ఆకు పొట్లంలో వేడివేడిగా. రుచికి ఏ లోటూ ఉండదు. కానీ ఇంటికెళ్లి 'వ్రతం చేసుకొచ్చాం' అని చెప్పరు కదా! సర్టిఫికెట్ కోసమే సదస్సుకెళ్లేవాళ్లు మాత్రం ఆ మాటే చెబుతారు.

గుమ్మం దగ్గరే ఆగిపోతే

అసలైన సదస్సు, అసలైన ఆహ్వానం ఉన్నా అడ్డంకులు తప్పవు. ప్రముఖ రసాయన శాస్త్రవేత్త గోవర్ధన్ మెహతా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, బెంగళూరు ఐఐఎస్‌సీకి సంచాలకుడిగా పనిచేసినవారు. 2006లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆహ్వానం మేరకు వెళ్లడానికి చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌లో వీసాకు దరఖాస్తు చేస్తే, రసాయన శాస్త్రంలో ఆయన చేసే పని మీదే అనుమానంగా ప్రశ్నలు వేసి వెనక్కి పంపారు. అప్పటికి ఆయన ప్రపంచ శాస్త్ర సంఘాల మండలికి అధ్యక్షుడు! దేశమంతా గగ్గోలు పుట్టాక అమెరికా విచారం వ్యక్తం చేసి వీసా ఇస్తామంది. ఆయన వెళ్లలేదు. అంతటివారికే అలా జరిగితే, కాకినాడ నుంచో రాజమహేంద్రవరం నుంచో తొలిసారి దరఖాస్తు చేసే విద్యార్థి ఎంత ముందు జాగ్రత్త పడాలో ఊహించొచ్చు. టిక్కెట్టూ బసా వీసా రాకముందే, వెనక్కివ్వని ధరకు కొనేసి నష్టపోయేవాళ్లు తక్కువేం కాదు.

ఇంకో లెక్కా ఉంది. 2019లో అమెరికా భూభౌతిక శాస్త్రవేత్తల సమావేశానికి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన దాదాపు 28 వేలమంది ప్రయాణాల వల్ల 80 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిందని కొందరు శాస్త్రవేత్తలే లెక్కగట్టారు. మనిషికి సుమారు 3 టన్నులు. వాతావరణ మార్పుల గురించి మాట్లాడటానికి అంత పొగ అవసరమా అన్న ప్రశ్న వాళ్లలోనే వచ్చింది.

సదస్సే మన ఊరొస్తే

గణితంలో అతి పెద్ద సదస్సు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 1900లో పారిస్‌లో డేవిడ్ హిల్బర్ట్ ఆ వేదిక మీదే రాబోయే శతాబ్దానికి సవాళ్లు విసిరాడు. ఆ సదస్సు మనదేశానికి వచ్చింది 2010 ఆగస్టులో... అదీ మన హైదరాబాద్‌కు. రాష్ట్రపతి ప్రతిభాపాటిల్ చేతుల మీదుగా నలుగురు ఫీల్డ్స్ పతకాలు అందుకున్నారు. వారిలో వియత్నాంలో పుట్టిన ఙో బావ్ చావ్ ఒకరు. ఆ దేశానికి అదే తొలి ఫీల్డ్స్ పతకం. విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి 40 మందితో చదరంగం ఆడటం ఆ రోజుల్లో పెద్ద వార్త. అన్నవరం నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. పాస్‌పోర్టు అక్కర్లేకుండా ప్రపంచాన్ని చూసిన విద్యార్థులు ఎందరో.

అంతకుముందు 2007లో అంతర్జాతీయ అంతరిక్ష సదస్సు, కృత్రిమ మేధ సదస్సు, తర్వాత 2012లో జీవవైవిధ్య సదస్సు హైదరాబాద్‌లోనే జరిగాయి. భారత సైన్స్ కాంగ్రెస్ 2008లో విశాఖపట్నంలో, 2017లో తిరుపతిలో జరిగింది. తొలి అడుగు ఇలాంటి చోట వేయడం తెలివైన పని. ఎదురుగా నిలబడి ప్రశ్నలు అడిగితే ఎలా ఉంటుందో, పది నిమిషాల్లో నాలుగేళ్ల పనిని ఎలా చెప్పాలో ఇక్కడే తెలిసిపోతుంది. కరోనా తర్వాత చాలా సదస్సుల్లో ఆన్‌లైన్ అవకాశమూ ఉంటోంది. ప్రసంగాలు వినడానికి అది చాలు. శాన్‌వాన్ వీధుల్లో నడక మాత్రం తెరమీద దొరకదు.

అమ్మ గొలుసు జోలికెళ్లొద్దు

మరి అన్నవరం అమ్మాయి ఏం చేయాలి? మొట్టమొదట ఇంటి డబ్బు పక్కన పెట్టాలి. నిజమైన సదస్సులో పత్రం ఎంపికైతే సాయం చేసే దారులు చాలానే ఉన్నాయి. పత్రం సమర్పించేందుకు వెళ్లేవారి ప్రయాణ ఖర్చులు భరించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వ సైన్స్ ఇంజినీరింగ్ పరిశోధన బోర్డు చాలా ఏళ్లు నడిపింది. 2023 నాటి చట్టంతో ఆ బోర్డు స్థానంలో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. సీఎస్‌ఐఆర్, వైద్య పరిశోధనలకు ఐసీఎంఆర్, సామాజిక శాస్త్రాలకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ కూడా ప్రయాణ సాయానికి దరఖాస్తులు తీసుకుంటుంటాయి. గడువులు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి నెలల ముందే చూసుకోవాలి.

సదస్సు నిర్వాహకులు కూడా సాయం చేస్తారు. 2014లో సియోల్‌లో గణిత సదస్సు జరిగినప్పుడు వర్ధమాన దేశాల నుంచి వెయ్యిమంది గణితవేత్తలకు కొరియా ఖర్చులు భరించింది. అబ్దుస్ సలామ్ 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో నెలకొల్పిన భౌతికశాస్త్ర కేంద్రం పుట్టిందే ఇలాంటి దేశాల పరిశోధకుల కోసం. అసలు సిసలు సదస్సుకో గుర్తు ఇదే. అది విద్యార్థికి రుసుము తగ్గిస్తుంది, సాయం చేయడానికి దారి చూపిస్తుంది. డొల్ల సదస్సు 'ఈ వారంలో కడితే రాయితీ' అంటుంది!

వెళ్లేముందు... వెళ్లాక... వచ్చాక

* ఆ రంగంలో మీరు రోజూ చదివే పత్రాల రచయితలు గతంలో ఆ సదస్సుకు వెళ్లారా? గైడునీ, సీనియర్లనీ అడగండి. ఎవరూ పేరే విననిదైతే ఆగిపోండి.

* నిర్వహిస్తున్నది శాస్త్రవేత్తల సంఘమా, విశ్వవిద్యాలయమా, కేవలం ఓ కంపెనీయా? వక్తల జాబితాలో ఒకరిద్దరికి మెయిల్ రాసి 'మీరు నిజంగా వస్తున్నారా?' అని అడగడంలో తప్పులేదు.

* ఒకే హోటల్లో, ఒకే రోజుల్లో పంటల నుంచి పళ్లవైద్యం దాకా పది సదస్సులు పెట్టారంటే అనుమానించాల్సిందే. పంపిన మర్నాడే ఎంపికైందన్నా అంతే.

* వెళ్లేముందు కలవాల్సిన అయిదుగురి పేర్లు రాసుకోండి. వాళ్ల పత్రాలు చదవండి. ఒక్కొక్కరికీ ఒక్క ప్రశ్న సిద్ధం చేసుకోండి. నెల ముందే మెయిల్ రాస్తే టీ విరామంలో పది నిమిషాలు ఇచ్చేవాళ్లే ఎక్కువ.

* ప్రసంగం అవకాశం రాక పోస్టర్ ఇచ్చారని చిన్నబుచ్చుకోవద్దు. గోడకు తగిలించిన చార్టు పక్కన నిలబడితే, నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లే దగ్గరికొచ్చి మాట్లాడతారు.

* తమ ప్రసంగం అవగానే ఊరు చూడ్డానికి పరుగెత్తేవాళ్లుంటారు. వ్రతకథలో ప్రసాదం తీసుకోకుండా రేవుకు పరుగెత్తిన కళావతికి ఏమైందో తెలుసుగా! ఊరు చివరిరోజున చూడొచ్చు.

* తిరిగొచ్చిన వారంలోపు కలిసినవాళ్లందరికీ ఉత్తరం రాయండి. విన్నది మీ విభాగంలో అందరికీ ఓ గంట చెప్పండి. ఒక్కరు వెళ్తే పదిమందికి తెలియాలి.

ఇన్నీ చూసుకుంటే ఆ ఇంటి ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది. అడగాల్సిన ప్రశ్న చేతిలో ఉండి, దానికి జవాబు తెలిసిన మనుషులు అక్కడికి వస్తుంటే, ఖర్చు భరించేవాళ్లుంటే వెళ్లాల్సిందే. ఒక్కసారైనా సరే. ప్రశ్న ఇంకా తయారవకపోతే హైదరాబాద్‌లోనో విశాఖలోనో జరిగే సమావేశంతో మొదలుపెట్టడం మేలు. బయోడేటాలో ఓ వరస పెరగడం కోసమే అయితే, ఆ డబ్బు ఇంట్లో ఉండటమే మంచిది.

వెళ్లొచ్చిన అమ్మాయిని అన్నవరం స్టేషన్లో దింపుకోవడానికి నాన్న వస్తాడు. సూట్‌కేస్ అందుకుంటూ, 'ఎలా జరిగిందమ్మా?' అంటాడు. 'సర్టిఫికెట్ ఇచ్చారు నాన్నా' అన్న జవాబు వస్తే పడవలో ఉన్నవి ఆకులే. 'నేను చేస్తున్న ప్రయోగంలో తప్పెక్కడుందో ఒకావిడ చెప్పింది నాన్నా. ఈ వారమే మళ్లీ మొదలుపెడతా' అని గనక అంటే... పడవ నిండుగా వచ్చినట్టే!